అమ్మ ఉన్న పెన్‌డ్రైవ్

తూనిస్,
మార్చి 2

అన్నయ్యకు,

సలాం. నువ్వూ మబ్రూకా అత్తా క్షేమమని తలుస్తాను. ఈ కవరు లూయాజ్ టాక్సీ డ్రైవరు లత్ఫీ చేతికి నేనే ఇచ్చాను. బండి నిండేదాకా స్టాండులో నిలబడి, కదిలాకే హాస్టలుకి వచ్చాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అని నువ్వు విసుక్కుంటావు. క్వారీ పేలుళ్ళకి నీ చెవులు దెబ్బతిన్న దగ్గర్నుంచి నువ్వు ఫోన్ స్పీకర్లో పెట్టే మాట్లాడతావు. నేనిక్కడ దగ్గితే బీర్ సల్హా కాఫీ కొట్టులో ఉన్నవాళ్ళంతా "ఒళ్ళు జాగ్రత్త తల్లీ" అంటారు. ఈ సంగతి కాఫీ కొట్టుకి తెలియకూడదు. అందుకే ఉత్తరం.

కవరులో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. అమ్మ అందులో ఉంది.

అమ్మ పోయిన రోజు తెల్లవారుజామున, కూలీల బండి పొలాలకి బయలుదేరే ముందు, అమ్మతో పనికి వెళ్ళే హయాత్ తన ఫోన్లో వీడియో తీసిందట. నలభయ్యో రోజు దినానికి నేను వచ్చినప్పుడు వంటింట్లో కుస్కుస్ ఆవిరి మధ్య ఎవరూ చూడకుండా నా ఫోన్లోకి పంపింది. మర్నాడే వాళ్ళాయన ఆమె ఫోన్లో ఉన్నది చెరిపించేశాడు. అందులో బండి తోలే హాజ్ అమ్మార్ గొంతు స్పష్టంగా వినపడుతుంది. ఎవరూ కూర్చోకుండా బండి అడుగున బకెట్‌తో నీళ్ళు చల్లుతూ, "జరగండి, జరగండి, ఇంకో నలుగురు పడతారు" అంటున్నాడు. వెనక తలుపుకి గొళ్ళెం లేదు, తాడు కట్టి ఉంది. ఆ తాడు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది.

కోర్టులో ఆయన చెప్పింది నీకు గుర్తుంది కదా. బండిలో కొద్దిమందే ఉన్నారట, అందరూ కూర్చునే ఉన్నారట, మన అమ్మే కదులుతున్న బండిలో లేచి తలుపు మీదికి వాలి పడిపోయిందట. అమ్మ తన చావుకి తనే కారణమట. ఆ మాట కాగితం మీద అలాగే ఉండిపోకూడదు అన్నయ్యా.

లాయర్ నజియా గారు అడిగింది ఒక్కటే: వీడియోలో ఉన్న ఆడవాళ్ళ పేర్లు. వాళ్ళని సాక్షులుగా పిలిపిస్తారట. సగంమంది ముఖాలు నాకు తెలియవు. నీకూ అత్తకీ తెలుసు. మీరిద్దరూ చూసి, పేర్లు రాసి, పెన్‌డ్రైవ్‌తో పాటు ఆమెకి ఇవ్వండి. విచారణ ఇరవయ్యారున. ఆ రోజే నాకు పరీక్ష. రాయకపోతే స్కాలర్‌షిప్ పోతుంది. అమ్మ ఉంటే వెళ్ళి రాయమనే అనేది, నీకు తెలుసు.

దారిలో ఎవరి చేతిలో పడినా భయం లేకుండా దానికి తాళం వేశాను. పెన్‌డ్రైవ్‌లో రెండు భాగాలు కనిపిస్తాయి. మొదటి దానిలో తాళం తీసే ప్రోగ్రాం ఉంటుంది. రెండో దానిలో వీడియో. నా గదిలో ఉండే అమ్మాయి లాప్‌టాప్‌లో చేసి, తీసి, మళ్ళీ వేసి చూశాను, బాగా పనిచేసింది. తర్వాత ఆ లాప్‌టాప్‌లోనూ నా ఫోన్లోనూ చెరిపేశాను. తాళం వేసి, ఇంకో కాపీ బయట వదిలితే తాళం వేయనట్టేనని మా ల్యాబ్ సార్ చెబుతారు. పట్నంలో సర్కారు కంప్యూటర్ గది ఉంది కదా, అక్కడికి వెళ్ళండి. ప్రోగ్రాం మీద రెండుసార్లు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టడమే. పాస్‌వర్డ్ రేపు ఇంకో డ్రైవరు చేతిలో వస్తుంది. నీకు కూడా ఐదు నిమిషాల పని.

అత్త చేతులు ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

నీ చెల్లి
విదాద్


బీర్ సల్హా,
మార్చి 9

చెల్లికి,

నా రాత చూసి నవ్వుకోకు. ఆరో తరగతిలో ఎక్కడ ఆగానో అక్కడే ఉంది.

రెండు కవర్లూ అందాయి. అది పాస్‌వర్డా, తాతల నాటి పొలం దస్తావేజా? ఇంత పొడుగు. చిన్నక్షరం, పెద్దక్షరం, మధ్యలో నక్షత్రం. టోపీ లోపల పెట్టుకుని వెళ్ళాను. అత్త పండగ బట్టలు కట్టుకుంది. "ఎందుకత్తా, కంప్యూటర్ గదికేగా?" అంటే, "మీ అమ్మని చూడబోతున్నాను, మాసిన గుడ్డలతో వెళ్ళనా?" అంది.

ఆ గది చూసుకునే కుర్రాడు సుఫియాన్ మంచివాడే. పెన్‌డ్రైవ్ పెట్టాడు. కంప్యూటర్ ఏదో అడిగితే వద్దని నొక్కాడు. నువ్వు చెప్పిన ప్రోగ్రాం కనపడింది. నొక్కాడు. ఒక డబ్బా వచ్చి అడ్డం కూర్చుంది.

"అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోవాలట బాబాయ్" అన్నాడు.

"నువ్వేగా ఇక్కడ పెద్ద?"

"నేనా? తలుపు తీసేవాణ్ణి, ఫ్యాను వేసేవాణ్ణి. ఈ కంప్యూటర్ల మీద నాకు హక్కులు లేవు. ఉన్నవి వాడుకోవచ్చు, కొత్త ప్రోగ్రాం ఏదీ నడవనివ్వవు. పెద్ద పాస్‌వర్డ్ జిల్లా ఆఫీసులో ఉంటుంది."

"మరి మా చెల్లి పంపిన పాస్‌వర్డు?"

"అది మీ తాళానికి. ఇది దీని తాళానికి. దీనిది తీస్తేగానీ మీది తీయనివ్వదు."

అత్త ఊరుకుంటుందా? "మా ఇంటి పిల్ల వేసిన తాళం తీయడానికి జిల్లా నుంచి మనిషి రావాలా నాయనా? కాస్త గట్టిగా నొక్కి చూడు" అంది. గదిలో పిల్లలంతా నవ్వారు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. ఆ కొత్త బట్టలతో.

జిల్లా మనిషిని పిలిపించాలంటే అర్జీ రాసి, ఊరి పెద్ద ఒమ్దా చేత ముద్ర వేయించాలని సుఫియాన్ చెప్పాడు. వేయించుకొచ్చాను. ఎందుకని అడిగితే సంగతి చెప్పాను. కారణం లేకుండా ముద్ర వేయడు కదా.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నేను చూడకూడదనుకుంటే చెప్పొచ్చు. ఇచ్చినట్టే ఇచ్చి ఇన్ని తలుపులు పెట్టడం ఎందుకు?

అత్త నీకు బ్సీసా పిండి పంపుతోంది. నూనె కలిపే ఉంది.

లజహర్


తూనిస్,
మార్చి 12

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. ఒమ్దా దగ్గరికి ఎలా వెళ్ళావు? ఆయన కూతుర్ని ఇచ్చింది హాజ్ అమ్మార్ కొడుక్కే కదా! ఎవరికీ తెలియకూడదని నేను ఉత్తరంలో రాసి, కవరు అంటించి, లత్ఫీ చేత ఒట్టు వేయించుకుని పంపితే, నువ్వు వెళ్ళి ముద్ర వేయించుకొచ్చావు. ఆరో తరగతి పిల్లాడు కూడా ఈ పని చేయడు.

నీ దగ్గర దాచడానికి తాళం వేశానని ఎలా అనుకున్నావు? సర్కారు కంప్యూటర్లలో అంతే. మా ల్యాబులో కూడా అంతే. మనకి కూర్చుని వాడుకునే వీలు ఇస్తారు తప్ప కంప్యూటర్ లోపల కొత్తది ఏదీ చేయనివ్వరు. ఈ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో నుంచే నడుస్తుంది కదా, పరవాలేదనుకున్నాను. తాళం తీయాలంటే అది కంప్యూటర్ లోపలికి కాస్త దిగాలి, దానికి హక్కులు ఉండాలి. నేను చూసిన లాప్‌టాప్ ఆ అమ్మాయి సొంతం, దాని మీద హక్కులన్నీ ఆమెవే. అందుకని నాకు ఈ గోడ కనపడలేదు.

ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంతంగా ఏమీ ఆలోచించకు. అర్జీ చింపెయ్యి. పెన్‌డ్రైవ్ ఇంకెక్కడా పెట్టొద్దు. నేరుగా లాయర్ గారి ఆఫీసుకి వెళ్ళు. అక్కడి కంప్యూటర్ వాళ్ళ సొంతం, అన్ని హక్కులూ ఉంటాయి. అక్కడ తెరుచుకుంటుంది. నేను ఫోన్ చేస్తే ఆమె ఎత్తడం లేదు, రోజంతా కోర్టులో ఉంటారనుకుంటాను.

చదువుకోవాలి. మిగతాది తర్వాత.

విదాద్


బీర్ సల్హా,
మార్చి 16

విదాద్‌కి,

నువ్వు రాసింది అందింది. "సొంతంగా ఏమీ ఆలోచించకు" అన్న చోట కాసేపు ఆగాను. తర్వాత మిగతాది చదివాను.

ముందు హాజ్ సంగతి. నువ్వు అనుకున్నట్టే ఒమ్దా చెప్పేశాడు. శుక్రవారం నమాజు అయ్యాక హాజ్ ఇంటికి వచ్చాడు. తుంటి విరిగిన దగ్గర్నుంచి కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. గుమ్మంలోనే కూర్చుని, "అబ్బాయ్ లజహర్, మీ అమ్మ చేతి రొట్టె నేను తిన్నాను. ఆమె పోతే నాకు బాధ లేదా? నా తుంటి పోయింది, ఆమె ప్రాణం పోయింది, దేవుడి రాత. ఏదో సినిమా ఉందటగా, నాకూ చూపించు, కలిసి ఏడుద్దాం" అన్నాడు.

అత్త లోపలి నుంచి, "నీ ఏడుపు నీ ఇంట్లో ఏడువు హాజ్. మా గుమ్మం తడవకూడదు" అంది.

ఆయన నవ్వాడు. లేవడానికి నా చెయ్యి అడిగాడు. ఇచ్చాను. ముసలివాడు, లేవలేకపోతుంటే ఇవ్వకుండా ఉంటానా?

మర్నాడు అత్తతో లాయర్ ఆఫీసుకి వెళ్ళాను. లాయరమ్మ కోర్టుకి వెళ్ళింది. సెక్రెటరీ సలీహా గారు ఉన్నారు. శుభ్రమైన మనిషి, బల్ల మీద దుమ్ము కణం ఉండనివ్వదు. వీడియో రెండో భాగంలో ఉందని చెప్పాను. ఆమె రెండో భాగం మీదే నొక్కింది. "దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలంటోంది, చేయమంటారా?" అని నన్ను అడిగింది. నాకేం తెలుసు? నువ్వు రాసింది ఉంది కదా. "మా చెల్లి కంప్యూటర్ చదువు చదువుతోంది. మీ కంప్యూటర్‌కి అన్ని హక్కులూ ఉంటాయని రాసింది. అది అడిగినవన్నీ ఒప్పుకోండి" అన్నాను.

ఒప్పుకుంది. పల్లెల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లలో వైరస్‌లు ఉంటాయట. "సగం పని నాకు నచ్చదు" అని ఏదో టిక్కు తీసేసి, పూర్తిగా చేసింది. అత్త అసర్ నమాజు చేసుకుని వచ్చేదాకా పట్టింది.

తెరుచుకుంది చెల్లీ. ఏ పాస్‌వర్డూ అడగలేదు. అత్త కుర్చీ దగ్గరికి లాక్కుంది. తెల్లగా ఉంది. ఏమీ లేదు. సలీహా గారు మూసి మళ్ళీ తెరిచింది. ఏమీ లేదు. "మీ చెల్లెలు పొరపాటున ఖాళీది పంపినట్టుంది" అంది.

ఖాళీ దానికి అంత పాస్‌వర్డ్ ఎందుకు పెట్టావు? అసలుది నీ దగ్గరే ఉంచుకుని, మేము ఏం చేస్తామో చూద్దామని ఇది పంపావా? నమ్మకం లేకపోతే లేదని చెప్పు. అత్తని రెండుసార్లు ముస్తాబు చేయించి తీసుకెళ్ళాను. మూడోసారి ఆమెని అడగలేను.

అసలుది పంపు. పది రోజులే ఉంది.

లజహర్


తూనిస్,
మార్చి 18

అన్నయ్యా,

అసలుది లేదు. అదే అసలుది. నువ్వు ఒప్పుకోమన్నది చెరిపేయడానికి.

ఆ పెన్‌డ్రైవ్ మీద ఇంకేమీ పెట్టనివ్వకు. సలీహా గారి దగ్గర ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకో. మొదటి బండికి పంపు. పైపైన చెరిపితే వెనక్కి తేవచ్చు. తాళం వివరాలు చివర్లో ఇంకోచోట కూడా దాగి ఉంటాయి. కానీ ఆమె టిక్కు తీసేసిందని రాశావు, చాలాసేపు పట్టిందని రాశావు. అలా అయితే మూల మూలా తుడిచేసినట్టే. నిజంగా అంతసేపు పట్టిందా? రెప్పపాటులో అయిపోయిందేమో సరిగ్గా గుర్తు చేసుకో. అత్తని కూడా అడుగు.

ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉండలేకపోతున్నాను. ఒమ్దాకి నువ్వే చెప్పావు. హాజ్ మన గుమ్మంలో కూర్చున్నాడు. నువ్వు చెయ్యి అందించి లేపావు. మర్నాడు అమ్మ చెరిగిపోయింది. నా చోట ఎవరున్నా ఏమనుకుంటారు? ఆయన నీకు ఏమన్నా ఆశ చూపించాడా? నిజం చెప్పు. నువ్వు ఏది చెప్పినా నేను అమ్మ ముందు నిలబడినట్టు నిలబడి వింటాను.

నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడటం లేదు.

విదాద్


బీర్ సల్హా,
మార్చి 29

విదాద్‌కి,

పెన్‌డ్రైవ్ లత్ఫీకి ఇచ్చాను. రెప్పపాటులో కాలేదు. అత్తని అడగమన్నావు, అడిగాను. కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, నమాజు చేసి, చెప్పులు వెతుక్కుని వచ్చేదాకా పట్టిందని ఆమే చెప్పింది. ఎందుకు అడుగుతున్నానో ఆమెకి చెప్పలేదు.

విచారణ అయిపోయింది.

హయాత్ వచ్చింది. వాళ్ళాయన పక్కనే కూర్చున్నాడు. వీడియో తీశావా అని జడ్జి అడిగితే ఆమె తల దించుకుని, "నా ఫోన్ కెమెరా పాడైంది" అంది. అంతే. లాయరమ్మ ఎంత అడిగినా అదే.

తర్వాత అత్తని పిలిచారు. బండిలో ఎంతమంది ఉన్నారు అని అడిగారు.

"కదలడానికి చోటు లేనంతమంది" అంది అత్త.

"సంఖ్య చెప్పమ్మా."

"అయ్యా, నా కాలు మా వదిన పాదం మీద ఉంది. తియ్యి అంటే ఎక్కడ పెట్టను అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఊరు దాటేదాకా నా కాలు ఆమె పాదం మీదే ఉంది. ఆమె పడిపోయినప్పుడు నా కాలి కింద పాదం లేదని నాకు తెలిసింది. అంతమంది ఉన్నాం."

గుమాస్తా "సంఖ్య తెలియదు" అని రాశాడు. పైకి చదివి వినిపించాడు, అందుకే నాకు తెలుసు.

హాజ్ చెప్పినట్టే తేలింది. అమ్మదే అజాగ్రత్త. ఫైలు మూసేశారు. లాయరమ్మ పై కోర్టు అంటోంది. దేన్ని చూపించి వెళ్ళమంటావు?

నువ్వు అడిగినదానికి జవాబు. హాజ్ నాకు ఏ ఆశా చూపలేదు. నువ్వు ఆ మాట రాసేదాకా, ఆ సినిమా తప్ప ఆయన నన్ను ఏమీ అడగలేదు కూడా. ఆ ఉత్తరం అందిన రోజు కాఫీ కొట్టులో కూర్చున్నాను. అక్కడ కూడా అదే అనుకుంటున్నారు. లజహర్ అమ్ముడుపోయాడని. సొంత చెల్లెలు అనుకున్నప్పుడు ఊరు అనుకోదా?

విచారణ మర్నాడు హాజ్ కబురు పంపాడు. తుంటి వల్ల ఇక బండి తోలలేడు, తోలడానికి మనిషి కావాలట. క్వారీలో నన్ను తీసేసి ఏడాది అయింది. చెవులు వినపడవని ఇంకెవరూ పెట్టుకోవడం లేదు. ఒప్పుకున్నాను. నిన్నటి నుంచి ఆ బండి నేనే తోలుతున్నాను.

నువ్వు కాగితం పడేసి ఉంటావు ఈపాటికి. పడేయకపోతే ఇది కూడా చదువు. మొదటి రోజు నేను బకెట్ ముట్టుకోలేదు. అందరూ కూర్చోవాలి, కూర్చున్నంతమందినే తీసుకెళ్తాను అన్నాను. వెనక తలుపుకి గొళ్ళెం కూడా వేయించాను. సగంమంది కింద ఉండిపోయారు. వాళ్ళు కూడా ఎక్కేశారు. దిగమంటే దిగలేదు. అందరికన్నా ముందు ఎక్కింది అత్త. "ఒరేయ్ లజహర్, నువ్వు దింపేసినదాని ఇంట్లో పొయ్యి నువ్వు వెలిగిస్తావా? నోరు మూసుకుని తోలు" అంది.

నోరు మూసుకుని తోలాను. మెల్లగా తోలాను.

పరీక్షలు బాగా రాసి ఉంటావు.

లజహర్


తూనిస్,
ఏప్రిల్ 4

అన్నయ్యకు,

పెన్‌డ్రైవ్ మా ల్యాబ్ సార్‌కి చూపించాను. ఆయన ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నారు. రెండో భాగంలో మొదటి నుంచి చివరిదాకా సున్నాలే ఉన్నాయి. ఒక్క ముక్క కూడా దొరకలేదు. "చాలా శ్రద్ధగా చెరిపారమ్మా" అన్నారు.

సలీహా గారిని కంప్యూటర్ అడిగిన ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. తాళం వేసిన భాగాన్ని కంప్యూటర్ గుర్తుపట్టలేదు, పనికిరాని డిస్కు అనుకుని ఫార్మాట్ చేయమంటావా అని ప్రతిసారీ అడుగుతుంది. ఇక్కడ ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ చూడకుండానే వద్దని నొక్కాను. దాన్ని ఒక ప్రశ్నగా ఎప్పుడూ చదవలేదు. అందుకే నీకు రాయాలని తోచలేదు. పాస్‌వర్డ్‌లో నక్షత్రం ఎక్కడుందో రాశాను. తాళం ఎలా తీయాలో రాశాను. ఆ ఒక్క వాక్యం రాయలేదు. నువ్వు నేను చెప్పింది చెప్పినట్టే చేశావు.

హాజ్ గురించి అడిగిన మాట వెనక్కి తీసుకుంటాను. వెనక్కి తీసుకుంటే పోదని తెలుసు.

నువ్వు ఆ బండి తోలడం గురించి నేను ఏమీ అనను. అనే హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతాను, ఆజ్ఞ కాదు, బతిమాలుతున్నాను. అత్తని వెనక నిలబెట్టకు. ముందు, నీ పక్క సీట్లో కూర్చోబెట్టుకో. మేనత్తే కదా, ఎవరూ ఏమీ అనరు. నాకోసం కాకపోయినా ఆ ఒక్కటి చెయ్యి.

అమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే వీడియోలో ఉన్నట్టే వస్తోంది. పక్కకి తిరిగి, తాడు పట్టుకుని. నువ్వూ అత్తా ఆ వీడియో చూడనే లేదు.

విదాద్


బీర్ సల్హా,
ఏప్రిల్ 9

విదాద్‌కి,

ఉత్తరం అందింది. అత్తకి చదివి వినిపించాను. నీకు దీవెనలు చెప్పమంది. స్కాలర్‌షిప్ నిలిచిందా అని అడిగింది.

ముందు సీటు గురించి రాశావు. ఎవరో ఏదో అంటారని కాదు. ఆ సీటు ఖాళీగా ఉండదు. అందులో హాజ్ కూర్చుంటాడు. ఎంతమంది ఎక్కారో రోజూ ఆయనే లెక్కపెట్టుకుంటాడు.

లజహర్